వృత్తిగా వాయించే గిటారిస్టుకు ఎదుగుదల ఎక్కడి నుంచి వస్తుంది?

ఆరు తంతులు (విశాఖపట్నం)

మన ఈ చర్చావేదికలో ఏ గిటారు కొనాలి, ఏ తంతులు మంచివి అన్న చర్చలు చాలానే జరిగాయి. గిటారునే వృత్తిగా చేసుకొని వాయించేవాడు ఏళ్లు గడిచేకొద్దీ సంగీతపరంగా ఎలా ఎదుగుతాడన్న విషయం మీద మాత్రం ఎవరూ రాసినట్లు కనిపించలేదు. నేను చాలాకాలంగా ఆర్కెస్ట్రాల్లో రిథం, లీడ్ గిటారు రెండూ వాయిస్తున్నాను. పెళ్లిళ్ల సంగీత్‌లు, వినాయక చవితి, దసరా పందిళ్లు, కళాశాలల వార్షికోత్సవాలు, అడపాదడపా స్టూడియో రికార్డింగులు నా జీవనాధారం. ఆ అనుభవంతో నాలో స్థిరపడిన అభిప్రాయాన్ని మీ ముందు ఉంచుతున్నాను.

స్టేజి మనకు వచ్చినదాన్ని గట్టిపరుస్తుంది గాని రానిదాన్ని నేర్పదు. ఎదుట వందలమంది కూర్చున్నప్పుడు, గాయకుడు చివరి నిమిషంలో శ్రుతి మార్చమన్నప్పుడు, మానిటర్‌లో (మన వైపు తిప్పి పెట్టే స్పీకరులో) మన వాద్యం మనకే వినిపించనప్పుడు, చెయ్యి తనకు బాగా అలవాటైన చోటికే పరుగెడుతుంది. ఆ క్షణంలో పాట ఆగకుండా నడవడమే ముఖ్యం కాబట్టి అందులో తప్పేమీ లేదు. కానీ సీజను తర్వాత సీజను అదే చెయ్యి అదే చోటికి వెళుతున్నప్పుడు, ఒప్పుకున్న ప్రోగ్రాములు పెరుగుతున్నాయి కాబట్టి వాదకుడు కూడా పెరుగుతున్నాడని అనుకోవడం సరికాదని నా ఉద్దేశం.

ఒక చిన్న విషయంతో వివరిస్తాను. గాయని పాటను రెండున్నర శ్రుతిలో, అంటే డి షార్ప్‌లో పాడతానన్నారనుకుందాం. కీబోర్డు వాయించేవారు శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ మీట నొక్కితే వారి పని అయిపోతుంది. గిటారిస్టు ఆరో మెట్టు (ఫ్రెట్) మీద కాపో, అంటే తంతులన్నిటినీ ఒకేచోట నొక్కి పట్టే బిగింపు పెట్టి, ఎ మైనర్ కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) ఆకారంలోనే పాటంతా వాయించేస్తాడు. పాట బాగానే సాగుతుంది. అయితే ఒకటిన్నర శ్రుతిలో పాడినా, నాలుగులో పాడినా అదే ఆకారం, అదే స్ట్రమ్మింగ్ వినిపిస్తాయి గనుక వేర్వేరు పాటలన్నీ ఒకే పాటలా వినిపించడం మొదలవుతుంది. 

కొంతకాలం క్రితం నేను రిహార్సల్స్‌లో కాపోను పక్కన పెట్టి, మధ్యనున్న మూడు తంతుల మీదే చిన్న కార్డ్‌లు పట్టడం అలవాటు చేసుకున్నాను. అదే రెండున్నర శ్రుతి మైనర్‌ను (అన్నిటికంటే సన్న తంతిని ఒకటోదిగా లెక్కిస్తే) నాలుగో తంతిపై నాలుగో మెట్టు, మూడో తంతిపై మూడో మెట్టు, రెండో తంతిపై నాలుగో మెట్టు నొక్కి వాయించవచ్చు. అక్కడి నుంచి మూడో తంతి మీది వేలు ఒక్క మెట్టు పైకి జరిగితే చాలు, బి మేజర్ వచ్చేస్తుంది. మిగిలిన రెండు వేళ్లు కదలనక్కర్లేదు. ఒకే ఒక స్వరం అలా ఒక్క మెట్టు పైకి జరగడం గాయని గొంతు కింద స్పష్టంగా వినిపిస్తుంది, పాటకు అది ఒక కొత్త శ్వాసను ఇస్తుంది. బార్ కార్డ్ (చూపుడు వేలిని తంతులన్నిటికీ అడ్డంగా వేసేది) పట్టి చెయ్యి మొత్తం అటూ ఇటూ దూకించిన ఏళ్లలో ఆ కదలిక నాకు వినిపించనే లేదు.

ఇది నేను స్టేజి మీద నేర్చుకున్నది కాదు. ఇంట్లో, తొందర లేని మధ్యాహ్నాల్లో, ఒక్కొక్క పాటలో ఏ స్వరం ఎక్కడికి వెళుతోందో వెతుక్కుంటూ నేర్చుకున్నాను. స్టేజి దాన్ని పరీక్షించింది, అంతే. మీ అనుభవాలు తెలుసుకోవాలని ఉంది.

మధ్యమ శ్రుతి (హైదరాబాదు)

ఆరు తంతులు గారూ, నేను గాయనిని. మీరు చెప్పిన ఆ చిన్న కార్డ్‌ల విషయంలో పాడేవాళ్ల వైపు నుంచి కొంత చేరుస్తాను. గిటారిస్టు ఆరు తంతులూ గట్టిగా మీటుతూ ఉంటే నా స్వరం ఎక్కడ నిలబడిందో నాకే తెలియదు. మూడు స్వరాలే వినిపించినప్పుడు నా గొంతుకు చుట్టూ కొంత చోటు ఉంటుంది, సంగతులు వేయడానికి ధైర్యం వస్తుంది.

ఇంకొక సూక్ష్మమైన విషయం ఉంది. తంబురా పక్కన పాడి పెరిగినవాళ్లకు అంతర గాంధారం (మేజర్ కార్డ్‌లో వచ్చే ‘గ’) షడ్జంతో (‘స’తో) కలిసిపోయి వినిపించే ఒక స్థానం ఉంటుంది. గిటారు మెట్లు సమభాగాలుగా విభజించినవి కాబట్టి వాటి మీది గాంధారం ఆ స్థానం కంటే కొంచెం పైన ఉంటుంది. ఒక అర స్వరాన్ని వంద భాగాలు చేస్తే సుమారు 14 భాగాల తేడా అది. వేగంగా నడిచే పాటలో దాన్ని ఎవరూ పట్టించుకోరు. తాళం లేకుండా మొదలయ్యే సాకీలోనో, నెమ్మదైన పల్లవి ఎత్తుగడలోనో గిటారు మేజర్ కార్డ్‌ను పట్టి ఉంచితే మాత్రం నేను గాంధారం మీద నిలిచిన ప్రతిసారీ రెండు స్వరాలు ఒరుసుకుంటాయి. నాతో వాయించే ఒక గిటారిస్టు అటువంటి చోట్ల షడ్జ పంచమాలు మాత్రమే మీటి, గాంధారాన్ని నాకు వదిలేస్తారు. నేను చూసినవాళ్లలో నిజంగా ఎదిగిన వాదకులు ఏ స్వరాన్ని వాయించకూడదో తెలిసినవాళ్లే. వేగంగా వాయించగలవారు ఎంతోమంది ఉన్నారు, ఈ వివేకం ఉన్నవారు తక్కువ.

నలుపు తెలుపు మీటలు (విజయవాడ)

నేను కీబోర్డు వాయిస్తాను, మా ట్రూపులో అరేంజ్‌మెంట్లు కూడా నేనే చూస్తాను. ఇద్దరూ చెప్పినది అందంగా ఉంది గాని, మూల ప్రతిపాదనతో నేను ఏకీభవించలేకపోతున్నాను.

డబ్బిచ్చి పిలిచినవారు మన సృజనను వినడానికి పిలవరు. పాటలో పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే గిటారు బిట్ రికార్డులో ఎలా ఉందో అలాగే వినిపించాలని పిలుస్తారు. ఆ బిట్ మొదలవగానే జనం ఈల వేస్తారు, ఎందుకంటే అది వాళ్ల జ్ఞాపకాల్లో ఉన్నది ఉన్నట్లుగా వచ్చింది. ఆ నమ్మకాన్ని నిలబెట్టడం వృత్తి ధర్మం. ఇక స్టేజి నేర్పదన్న మాట చరిత్రకు కూడా నిలవదు. మద్రాసులో తెలుగు పాటల రికార్డింగులు జరిగిన రోజుల్లో గాయకులూ వాద్యబృందమూ ఒకే హాలులో కూర్చొని పాటను ఒకే దెబ్బకు రికార్డు చేసేవారు. ఒక్క వయొలిన్ తప్పినా టేకు మొత్తం మళ్లీ మొదలు. అప్పటికప్పుడు ఇచ్చిన నొటేషన్ చూసి తప్పులేకుండా వాయించిన ఆ వాదకులు పని చేస్తూనే ఎదిగారు. ఇళయరాజా గారు 1976లో సంగీత దర్శకుడిగా పరిచయం కావడానికి ముందు రికార్డింగుల్లో గిటారు వాయించినవారే, సంగీత దర్శకుడు సలీల్ చౌధురి గారి దగ్గర కూడా వాయించారు. వృత్తి ఆయన్ను ఆపలేదు కదా!

ఆరు తంతులు (విశాఖపట్నం)

మీరు ఇచ్చిన ఉదాహరణ చాలా విలువైనది. అయితే అది నా మాటకే బలం చేకూరుస్తోందని అనుకుంటున్నాను. ఆనాటి స్టూడియో వాదకుడి ముందుకు ప్రతి పూటా అంతకుముందు చూడని ఒక కాగితం వచ్చేది. కొత్త రాగం, కొత్త నడక, కొత్త సంగీత దర్శకుడి మనసు. పని చేయాలంటే నేర్చుకోక తప్పని పరిస్థితి అది. పైగా ఇళయరాజా గారు రికార్డింగుల పనితోనే సరిపెట్టుకోలేదు. ధన్‌రాజ్ మాస్టారు గారి దగ్గర పాశ్చాత్య సంగీతం చదువుకున్నారు, లండన్ ట్రినిటీ కళాశాల నిర్వహించే క్లాసికల్ గిటారు పరీక్షలో బంగారు పతకం సాధించారు. మన ఆర్కెస్ట్రాల్లో నడిచేది వేరు. జనం అడిగే పాటల జాబితా ఏడాదికి కొద్దిగా మారుతుంది, ముప్పావు వంతు అలాగే ఉండిపోతుంది. రోజూ కొత్త కాగితం చదివే పనికీ, చదివిన కాగితాన్నే పదేపదే అప్పజెప్పే పనికీ ఉన్న తేడా గురించే నేను మాట్లాడుతున్నాను.

బిట్‌ను ఉన్నది ఉన్నట్లు వాయించాలన్న మీ మాటతో నాకు పేచీ లేదు, నేనూ అలాగే వాయిస్తాను. కానీ స్వరాలు ఉన్నవి ఉన్నట్లు వాయించినంత మాత్రాన అది ఉన్నది ఉన్నట్లు కాదు. రికార్డులోని వాదకుడు కుడిచేతి పిక్‌ను బ్రిడ్జికి దగ్గరగా పెట్టాడా, సౌండ్‌హోల్ మీద పెట్టాడా? తంతిని కిందికి కొట్టాడా, పైకి లేపాడా? స్వరాన్ని ఎంతసేపు మోగనిచ్చి ఆపాడు? ఒకే నాలుగు స్వరాల బిట్‌ను బ్రిడ్జి దగ్గర మీటితే గాజు పలికినట్లు కరకుగా ఉంటుంది, మెడ చివర మీటితే గుండ్రంగా, మెత్తగా ఉంటుంది. ఈ వివరాలన్నీ పట్టుకొని వాయించే గిటారిస్టు పాత పాటల నుంచి కూడా కొత్తగా నేర్చుకుంటూనే ఉంటాడు. మన ప్రోగ్రాముల్లో చాలావరకు స్వరాలు మాత్రమే రికార్డులోలా ఉంటాయి.

సంఘ గిటారు (గుంటూరు)

నేను చర్చిలో ఆదివారం ఆరాధనకు గిటారు వాయిస్తాను. డబ్బుకు వాయించే వృత్తి కాదు గాని, ప్రతివారం తప్పని బాధ్యత. మా అనుభవం ఇంకోరకంగా ఉంటుంది, అది ఈ చర్చకు ఉపయోగపడుతుందనిపించింది.

మా దగ్గర పాట ఏ శ్రుతిలో మొదలవుతుందో ముందుగా ఎవరికీ తెలియదు. ప్రార్థన ముగిసిన వెంటనే పెద్దమ్మగారెవరో కూర్చున్న చోటి నుంచే పల్లవి ఎత్తుకుంటారు, సంఘమంతా అందుకుంటుంది. ఆ మొదటి పాదం పూర్తయ్యేలోగా నేను శ్రుతి పట్టుకోవాలి. ఆరో తంతిని ఎవరికీ వినిపించనంత నెమ్మదిగా తాకి, వేలిని మెట్ల మీద జార్చుతూ వాళ్ల షడ్జం దొరికేదాకా వెతుకుతాను. చాలాసార్లు ఆ షడ్జం రెండు మెట్ల మధ్య ఉంటుంది. అప్పుడు వెంటనే గట్టిగా కార్డ్ కొడితే మందిరమంతా ఒక్క క్షణం తడబడుతుంది. దగ్గరి మెట్టును ఎంచుకొని మెల్లగా మొదలుపెట్టి, చరణం వచ్చేలోగా శబ్దం పెంచుకుంటూ వెళితే, పాడేవాళ్లు తమకే తెలియకుండా వాద్యం వైపు జరుగుతారు. రెండో పాదానికల్లా అందరూ ఒకే శ్రుతిలో ఉంటారు.

నాకు చెవి అక్కడే తయారైంది. తాళం కూడా అంతే. మా కీర్తనల పుస్తకంలో చాలా పాటల నెత్తిన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. చిన్నప్పుడు వాటిని చూసి కూడా చూడనట్లే ఉండేవాళ్లం. ఒక కీర్తన ఏడు అక్షరాల చాపు తాళంలో నడుస్తుంటే దానికి నాలుగు దెబ్బల స్ట్రమ్మింగ్ వేస్తే ఎందుకు కుదరడం లేదో తెలియక కొట్టుకునేవాళ్లం. తకిట తకధిమి అని నోటితో అనుకుంటూ, మొదటి ‘త’ మీద మాత్రం బేస్ తంతిని మీటి, తక్కినచోట్ల పైతంతులను తేలిగ్గా తాకడం మొదలుపెట్టాక పాట దానంతట అది నడిచింది. కాబట్టి స్టేజి నేర్పదన్న మాటను నేను కొంచెం సవరిస్తాను. అంతా ముందే రాసిపెట్టుకున్న స్టేజి నేర్పదు. ఎదుటివాళ్లు ఏం చేస్తారో తెలియని చోట వాయించడం తప్పక నేర్పుతుంది.

ఆరు తంతులు (విశాఖపట్నం)

సంఘ గిటారు గారూ, మీ సవరణను పూర్తిగా అంగీకరిస్తున్నాను. మా ప్రోగ్రాముల్లో పాటల వరుస, శ్రుతి, నిడివి అన్నీ ఫోను తెర మీద రాసిపెట్టుకొని ఉంటాయి. ఇప్పుడు చాలా ట్రూపులు క్లిక్ ట్రాక్ పెట్టుకొని, చెవిలో టిక్కుటిక్కుమంటుంటే దాని వెంటే వాయిస్తున్నాయి. దానివల్ల లైట్లు, తెర మీది దృశ్యాలు పాటతో సరిగ్గా కలుస్తాయి. కానీ గాయకుడు ఒక మాట దగ్గర ఆగాలనుకున్నా ఆగే వీలు ఉండదు, అతను ఆగుతున్నాడని గమనించాల్సిన అవసరం మాకూ ఉండదు.

గాయత్రీ వీణ (రాజమహేంద్రవరం)

నేను వీణ నేర్పుతాను. గిటారు పిల్లలు కొందరు గమకాల కోసం నా దగ్గరకు వస్తుంటారు కాబట్టి రాయాలనిపించింది.

మెట్లున్న వాద్యం మీద గమకం పలకదని చాలామంది గిటారు విద్యార్థులు అనుకుంటారు. వీణకు కూడా 24 మెట్లు ఉన్నాయి కదా! మైనం మీద అమర్చిన ఆ మెట్ల వెంట తంతిని పక్కకు లాగి, ఒకే మెట్టు మీద నుంచి పై స్వరాలను పలికిస్తాం. గిటారులో జరిగేదీ అదే సూత్రం. వీణ మెట్లు ఎత్తుగా ఉండి, తంతికి ఎక్కువ లాగుడు ఇస్తాయి, గిటారులో ఆ అవకాశం తక్కువ. బ్రిటిష్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ గారు భారతీయ వాదకులతో కలిసి నడిపిన శక్తి బృందంలో వాయించిన గిటారుకు మెట్ల మధ్య చెక్కను లోతుగా చెక్కించుకున్నారు. వేలికి చెక్క తగలకుండా తంతిని స్వేచ్ఛగా లాగడానికే ఆ ఏర్పాటు.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు, జంట తంతులుండే పాశ్చాత్య వాద్యాన్ని తీసుకొని, ఎలక్ట్రిక్ మాండలిన్‌కు ఒంటి తంతులు పెట్టుకొని, అయిదు తంతులతో కర్ణాటక సంగీత కచేరీ చేశారు. జంట తంతులను ఒకేసారి సమంగా లాగడం కష్టం, ఒంటి తంతి అయితే వేలి మాట వింటుంది. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు కృతులను నోటితో పాడి వినిపిస్తే, ఆయన వాటిని మాండలిన్ మీద పలికించేవారని చెబుతారు. వాద్యం నేర్చుకొనే పిల్లలందరికీ నేను చెప్పేది ఇదే పద్ధతి. ముందు పాడండి. పాడలేని గమకం వేలికి రాదు.

ఒక అభ్యాసం చెబుతాను. తోడి రాగంలో గాంధారం నిలకడగా ఒకచోట ఉండదు, రిషభం ప్రాంతం నుంచి మధ్యమం వైపు ఊగుతూ పలుకుతుంది. తంబురా శ్రుతి పెట్టుకొని ఆ ఒక్క స్వరాన్నే గొంతుతో ఊపండి. తర్వాత గిటారులో సన్న తంతి మీద జారుతో ఒకసారి, లాగి ఒకసారి ప్రయత్నించండి. ఏ పద్ధతిలో మీ గొంతుకు దగ్గరగా వస్తే అదే మీది. నెలరోజులు ఇదొక్కటే చేసినా నష్టం లేదు.

సౌండు బల్ల (కరీంనగర్)

ప్రోగ్రాములకు సౌండు చూసేవాడిగా ఒక్క అంశం చెప్పి ఊరుకుంటాను. గిటారిస్టులు ఇంట్లో చక్కగా వాయించి స్టేజి మీద తేలిపోవడానికి సగం కారణం శబ్దంలోనే ఉంటుంది. ఇంట్లో ఒంటరిగా వాయించినప్పుడు నిండుగా వినిపించే ఆరో తంతి 82 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. స్టేజి మీద ఆ ప్రాంతాన్ని బేస్ గిటారు, ప్యాడ్స్, డోలు ముందే ఆక్రమించి ఉంటాయి. అకూస్టిక్ గిటారు డొల్ల కూడా 100 హెర్ట్జ్‌కు అటూ ఇటూగా సొంతంగా మోగుతుంది గనుక, మానిటర్‌లో శబ్దం పెంచగానే హోరు మొదలవుతుంది. ఆ కింది భాగాన్ని నేను కోసేస్తే ‘నా టోన్ పోయింది’ అని బాధపడతారు. సౌండ్‌హోల్‌కు రబ్బరు మూత పెట్టుకొని, కింది తంతులను తక్కువగా మీటితే ఆ సమస్యే రాదు. పైన చెప్పిన మూడు తంతుల కార్డ్‌లు నా బల్ల దగ్గర ఎంత స్పష్టంగా వినిపిస్తాయో వాయించేవారికి తెలియదు.

చెవుల గురించి కూడా దయచేసి ఆలోచించండి. 85 డెసిబెల్స్ శబ్దాన్ని ఎనిమిది గంటలు తట్టుకోవచ్చన్నది వృత్తి ఆరోగ్య నిపుణులు వాడే ఒక ప్రమాణం. ప్రతి మూడు డెసిబెల్స్‌కూ ఆ సమయం సగానికి తగ్గుతుంది. 100 దగ్గర అది పావుగంట మాత్రమే. సింబల్స్ పక్కన నిలబడి రాత్రంతా వాయించే గిటారిస్టు ఆ హద్దును మొదటి కొన్ని పాటల్లోనే దాటేస్తాడు. ఎదుగుదల అంతా చెవిలోనే ఉందని మీరే అంటున్నారు కాబట్టి ఆ చెవిని కాపాడుకోవడం సాధనలో భాగమే. ఇయర్ ప్లగ్స్ పెట్టుకోవడం నామోషీ కాదు.

తూర్పు తీరం (న్యూజెర్సీ)

ఇక్కడి తెలుగు సంఘాల ఉగాది, సంక్రాంతి వేడుకల్లో వాయిస్తుంటాను, వారంలో మిగతా రోజులు ఐటీ ఉద్యోగం. అందువల్ల అమెరికన్ జాజ్ గిటారిస్టు వెస్ మాంట్‌గోమరీ జీవితం నన్ను ఎప్పుడూ ఆకర్షిస్తుంది. ఇండియానాపోలిస్‌లో ఆయన పగలు కర్మాగారంలో పనిచేసి, రాత్రి క్లబ్బుల్లో వాయించేవారు. నొటేషన్ చదవడం రాదు. మరో జాజ్ గిటారిస్టు చార్లీ క్రిస్టియన్ సోలోలను రికార్డుల నుంచి చెవితో విని నేర్చుకున్నారు. క్లబ్బులో మొదట్లో ఆ సోలోలు మాత్రమే వాయించి, అవి అయిపోగానే ఊరుకొనేవారట. పిక్ వదిలేసి బొటనవేలితో మీటడం ఆయన ప్రత్యేకత, ఇరుగుపొరుగుకు ఇబ్బంది కలగకూడదని అలా మొదలుపెట్టినట్లు చెబుతారు. ఆయన పేరు దేశమంతా తెలిసింది 1959లో రివర్‌సైడ్ సంస్థకు రికార్డు చేయడం మొదలుపెట్టిన తర్వాతే, అప్పటికి వయసు ముప్పై అయిదు దాటింది.

విజయవాడ మిత్రులు చెప్పినట్లు అనుకరణ ఆయనకు అడ్డు కాలేదు, పునాది అయింది. విశాఖ మిత్రులు చెప్పినట్లు ఆయన దాని దగ్గరే ఆగిపోలేదు. ఒంటి స్వరంలో వాయించిన వరుసను అష్టమస్వరాల జంటతో (ఒకే స్వరాన్ని కింది, పై స్థాయిల్లో కలిపి), ఆ తర్వాత నిండు కార్డ్‌లతో పెంచుకుంటూ పోయే ఒక సొంత పద్ధతిని తయారుచేసుకున్నారు. ఇక్కడి జామ్ సెషన్లలో నాకు అర్థమైనది ఏమిటంటే, ఇతరుల సోలోను కాగితం చూడకుండా విని, పాడి, ఆ తర్వాతే వాయించినవాళ్లకు అది సొంతమవుతుంది. ట్యాబ్ (ఏ తంతి మీద ఏ మెట్టు నొక్కాలో చూపే రాత) చూసి నేర్చుకున్నవాళ్లకు వేళ్లలోనే ఉండిపోతుంది. వీణ అమ్మగారు చెప్పినదానికీ దీనికీ నాకు తేడా కనిపించలేదు.

కొత్త వేళ్లు (వరంగల్)

అందరికీ నమస్కారం. నేను ఇంజనీరింగ్ విద్యార్థిని. కళాశాల బ్యాండులో వాయించే అవకాశం వచ్చింది. నేను నేర్చుకున్నదంతా ట్యాబ్‌లు చూసి, వీడియోలు చూసి నేర్చుకున్నదే. బార్ కార్డ్ పట్టినప్పుడు చూపుడు వేలు, బొటనవేలి కింది కండ నొప్పి పుడుతున్నాయి, రెండు పాటల తర్వాత స్వరాలు మూగబోతున్నాయి. ఆరు తంతులు అన్నగారూ, పరీక్షల మధ్య రోజుకు గంట సమయమే దొరుకుతుంది. ఆ గంటను ఎలా వాడుకోమంటారు?

ఆరు తంతులు (విశాఖపట్నం)

తమ్ముడూ, ముందు నొప్పి సంగతి చూద్దాం. కొత్త గిటార్లలో చాలావాటికి తంతులు మెట్లకు అవసరమైనదానికంటే ఎత్తుగా ఉంటాయి. మొదటి మెట్టు దగ్గర ఎఫ్ కార్డ్ కష్టంగా ఉండి, అదే ఆకారం అయిదో మెట్టు దగ్గర తేలికైతే, మెడ చివర తంతులు కూర్చొనే నట్ గాళ్లు లోతు చాలలేదని అర్థం. వాద్యాలు బాగుచేసే మనిషి దగ్గరకు తీసుకెళ్లి సరిచేయించండి. ఇక చేతి విషయం. ఎఫ్ ఆకారంలో చూపుడు వేలు ఆరు తంతులనూ నొక్కనవసరం లేదు. మూడు, నాలుగు, అయిదు తంతులను మిగతా వేళ్లు నొక్కుతున్నాయి. చూపుడు వేలు నిజంగా పలికించాల్సినవి ఒకటి, రెండు, ఆరు తంతులే. వేలిని మెత్తని వైపు పెట్టకుండా బొటనవేలి వైపుకు కొద్దిగా తిప్పి, ఎముక అంచుతో పట్టండి. బొటనవేలితో పిండకుండా మోచేతిని కొంచెం వెనక్కి లాగితే ఆ బరువే సరిపోతుంది. అప్పటికీ నొప్పి ఉంటే ఆపేయండి, నొప్పి మీద సాధన చేయకండి. రోజుల తరబడి తగ్గకపోతే వైద్యులకు చూపించండి.

గంట సమయాన్ని ఇలా వాడుకోమంటాను. మొదట మీ బ్యాండు పాటల్లో ఒకదాన్ని తీసుకొని, గిటారు ముట్టుకోకుండా, గాయకుడి వరుసను పాడండి, బేస్ స్వరాన్ని విడిగా పాడండి. ఆ తర్వాత సరళీ వరసలు వేసినట్లు కార్డ్ మార్పులను మూడు కాలాల్లో మెట్రోనోమ్‌తో సాధన చేయండి. మొదటి కాలం ఎంత నెమ్మదిగా ఉంటే అంత మంచిది, ఎందుకంటే రెండు కార్డ్‌ల మధ్య వేలు గాలిలోకి లేస్తోందో, తంతి మీదే జరుగుతోందో ఆ కాలంలోనే కనిపిస్తుంది. మిగిలిన సమయంలో ట్యాబ్ లేకుండా ఒక చిన్న బిట్‌ను, రెండు మూడు స్వరాలదైనా సరే, వినికిడితోనే పట్టుకోండి. మొదట్లో విసుగనిపిస్తుంది. మానకండి.

నలుపు తెలుపు మీటలు (విజయవాడ)

నా మొదటి అభిప్రాయంలో సగం ఇప్పటికీ అలాగే ఉంది. జనానికి ఇచ్చిన మాట ముందు, మన ప్రయోగాలు తర్వాత. కానీ ట్రాన్స్‌పోజ్ మీట గురించి మీరు రాసింది చదివాక, నిన్నటి రిహార్సల్‌లో దాన్ని ముట్టుకోకుండా నాలుగున్నర శ్రుతి పాటలను నల్లమీటల మీదే వాయించి చూశాను. ఎడమచేతి బేస్ నడక దానంతట అది మారిపోయింది. మా గిటారిస్టుతో మాట్లాడి, వచ్చే ప్రోగ్రాములో మధ్యలో ఒక్క పాటను క్లిక్ లేకుండా, కేవలం గాయని, గిటారు, కీబోర్డులతో పెట్టాలనుకుంటున్నాం. అక్కడ ఎవరు ఏం వాయించకూడదన్నది ముందే పంచుకోవాలా, విని తేల్చుకోవాలా అన్నదే ఇంకా నిర్ణయించుకోలేదు. మధ్యమ శ్రుతి గారు ఏమంటారు?

మధ్యమ శ్రుతి (హైదరాబాదు)

రెండు హద్దులు మాత్రం ముందే పెట్టుకోండి. నడిమి స్థాయి గాయనిది, కింది స్థాయి కీబోర్డు ఎడమచేతిది. గిటారు ఆ రెండింటికీ పైన, పలచగా ఉండాలి. మిగతాదంతా విని తేల్చుకోండి. రిహార్సల్‌ను ఫోనులో రికార్డు చేసి, మరునాడు మీ వాద్యాన్ని కాకుండా గాయని ఊపిరి తీసుకొనే చోట్లను మాత్రమే వినండి. ఆ చోట్లలో మీరిద్దరూ ఒకేసారి జొరబడుతున్నారేమో అందులో తెలిసిపోతుంది. ఒకరు ఒక ఖాళీని తీసుకుంటే రెండోవారు తర్వాతి ఖాళీ దాకా ఆగాలి.

ఆరు తంతులు (విశాఖపట్నం)

ఆ పాట రికార్డింగు వీలైతే ఇక్కడ పెట్టండి. వీణ అమ్మగారు చెప్పిన గాంధారం సాధన నేను మొదలుపెట్టాను. అదే ప్రయత్నం చేసేవాళ్లకు ఒక సూచన: అకూస్టిక్ గిటారుకు మామూలుగా వేసే లైట్ సెట్‌లో మూడో తంతికి పైన సన్నని తీగ చుట్టు ఉంటుంది, అది లాగుడుకు లొంగదు. ఎలక్ట్రిక్ గిటారుకు వేసే 10 నంబరు సెట్‌లో మూడో తంతి చుట్టు లేని సాదా తంతి, దాని మీద నిండు స్వరం దాకా సులువుగా లాగవచ్చు. మాలా సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఉన్నవాళ్లు వాయించిన వెంటనే తంతులను పొడిగుడ్డతో తుడవాలి. తుప్పు పట్టి గరుకెక్కిన తంతిని మెట్టు మీద లాగితే గమకం మధ్యలోనే తెగినట్లు వినిపిస్తుంది.